కాళ్ళు కట్టే గుడ్డ

గుండ్లపల్లె, పలమనేరు దగ్గర,
12-6-1981.

అక్కకు పంకజ నమస్కారాలు.

అందరం బాగున్నామని రాయాలనే కూర్చున్నాను. ఆవులు బాగున్నాయి, ఆయన బాగున్నారు, మా అత్త గుండ్రాయిలా ఉంది. అలివేలు ఒక్కదాని సంగతే నాకు భయంగా ఉంది.

దానికి నడక ఆలస్యంగా వచ్చింది. వచ్చిందే చాలని సంబరపడ్డాం. కానీ అడుగు వేసినప్పుడల్లా ఎడమ పక్కకు వాలిపోతుంది. చూసినవాళ్ళు ముద్దుగా ఉందంటారు. "రాణెమ్మ మాదిరి వయ్యారంగా నడస్తాండాది" అని మా అత్త నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని. మొన్న దానికి నూనె రాస్తూ రెండు కాళ్ళూ చాపి మడమలు కలిపి చూశాను. ఎడమ కాలు పొట్టిగా ఉంది. తొడల మీద మడతలు కూడా ఈ కాలికి ఒక రకంగా, ఆ కాలికి ఒక రకంగా ఉన్నాయి. చాప మార్చి, బిడ్డను తిప్పి పడుకోబెట్టి మళ్ళీ చూశాను. మళ్ళీ అంతే.

మా అత్త కుప్పమ్మ సంగతి నీకు తెలుసు కదా. ఈ ఊళ్ళో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి కుప్పమ్మే రావాలి. తన కాళ్ళ మీద పడుకోబెట్టుకొని, వేడినీళ్ళు పోసి, చేతులూ కాళ్ళూ లాగి, పాదాలు పట్టి తలకిందులుగా ఎత్తి దించుతుంది. ఆఖరున తన పెళ్ళిచీర చించిన మెత్తటి గుడ్డతో రెండు కాళ్ళూ జోడించి, సాపుగా బిగించి కట్టి ఊయల్లో వేస్తుంది. కాళ్ళు వంకర పోకూడదని. మా ఆయన కాళ్ళు కట్టిందీ ఆ గుడ్డే, అలివేలు కాళ్ళు కట్టిందీ ఆ గుడ్డే. అందుకే ఆమెతో ఈ మాట ఎత్తలేదు. ఆయనతో మాత్రం చెప్పాను.

సోమవారం ఆయన బిడ్డను తీసుకొని మీ ఇంటికి వస్తారు. ఆసుపత్రి మీ వీధి చివరే కాబట్టి నువ్వూ రాజారత్నం బావా తోడుండి చూపించండి. నేను రాలేను. నాకు మూడో నెల. అలివేలుకు ముందు పోయిన కడుపు బస్సు కుదుపులకే పోయిందని ఈసారి గడప దాటవద్దన్నారు. నేను లేకుండా అది ఎట్లా ఉంటుందో ఏమో. నా చెవి పట్టుకుంటే గానీ దానికి నిద్ర రాదు. నీ చెవి ఇవ్వు.

నీ చెల్లెలు,
పంకజ

*

తిరుపతి,
17-6-1981.

చి. సౌ. పంకజకు అక్క ఆశీస్సులు. కార్డు కాబట్టి టూకీగా రాస్తున్నాను. ఎక్స్‌రే తీశారు. ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక ఉండాల్సిన గుంటలో లేదట, జారి పైకి పోయిందట. బిడ్డకు నీళ్ళు ఎవరు పోశారు, కాళ్ళు కట్టేవారా అని పెద్ద డాక్టరు ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నెలలు పడుతుందట. మరిది గోవిందు ఒకటి రెండు రోజులుండి వస్తాడు. ఏడ్చి ఒళ్ళు పాడుచేసుకోకు. అలివేలు నా చెవి పట్టుకొనే పడుకుంటోంది.

శకుంతల

*

గుండ్లపల్లె,
21-6-1981.

అక్కకు,

నమస్కారాలు తర్వాత పెడతాను. నీకు బుద్ధి ఉందా? తిరుపతిలో కవర్లు దొరకడం లేదా?

మా పోస్టుమాన్ సుబ్బన్న కార్డు తెస్తే చేతికిచ్చి పోయే మనిషి కాదు. చదివి వినిపించి పోతాడు. ఊళ్ళో చదువు రానివాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. నేను పెరట్లో ఉన్నాను. మా అత్త కొట్టంలో పాలు పిండుతోంది. మనవరాలి కబురు అనగానే చెంబు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని నిలబడి విన్నదట. అంతా అయ్యాక "ఇంకోసారి సదువు నాయనా" అన్నదట. ఆ మహానుభావుడు ఇంకోసారి చదివాడు.

ఆ రోజు నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నిన్న దొరస్వామి పెళ్ళాం తన పసిబిడ్డను ఎత్తుకొని నీళ్ళు పోయించడానికి వచ్చింది. మా అత్త రెండు చేతులూ కొంగులో దాచుకొని, "నాకు సేతులు నొప్పిగా ఉండాయి, ఇంకెవురినన్నా పిలుసుకో" అంది. ఆ మాట ఆమె నోట ఈ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. దొరస్వామి పెళ్ళాం నా మొహం చూసింది. నేను తల వంచుకున్నాను.

నేనూ మంచిదాన్నేం కాదక్కా. ఊరికే ఎందుకు అడుగుతాడు డాక్టరు, కారణం ఉండే అడిగి ఉంటాడని నా మనసులో పడిపోయింది. అన్నం వడ్డిస్తూ ఆమె చేతుల వైపే చూస్తున్నాను. నేను చూస్తున్నట్టు ఆమెకు తెలుసు, అయినా చూస్తున్నాను. కడుపులో ఇంకొకటి ఉంది కదా. దాన్ని తలుచుకుంటే ఆ చేతులంటే నాకు భయం వేస్తోంది. నాకు పెళ్ళైన కొత్తలో జ్వరమొస్తే తలకు తడిగుడ్డ వేసిన చేతులు అవి. ఇట్లా అనుకోవడం పాపమేమో తెలియదు.

బిడ్డకు ఏం చేస్తున్నారో వివరంగా రాయి. కవర్లో పెట్టి, మెతుకులతో గట్టిగా అతికించి పంపు.

పంకజ

*

తిరుపతి,
19-7-1981.

పంకజా,

తిట్లన్నీ అందాయి. నాకు తగినవే. ఆ కార్డు ఆసుపత్రి బెంచీ మీద కూర్చొని రాశాను. ఏది రాయొచ్చో ఏది రాయకూడదో తోచలేదు. సరే, ఇప్పుడు నింపాదిగా చెబుతాను.

మన తుంటి రుబ్బురోలు లాంటిదట. నడుము కింది ఎముకకు గుంట ఉంటుంది, తొడ ఎముకకు పైన గుండ్రటి తల ఉంటుంది. పొత్రం రోట్లో తిరిగినట్టు ఆ తల ఈ గుంటలో తిరుగుతుంది. అలివేలుకు గుంట లోతు లేదు. పొత్రం బయటికి జారిపోయింది. అట్లాగే వదిలేస్తే పెద్దయ్యే కొద్దీ కుంటు ఎక్కువై, పిల్లల్ని కనే వయసుకే నొప్పితో లేవలేని మనిషి అవుతుందట. అందుకని మొదట కాలికి బరువు కట్టి కొన్నాళ్ళు లాగారు. పోయిన బుధవారం మత్తిచ్చి, ఎముకను లోపలికి కూర్చోబెట్టి, పిండికట్టు వేశారు. నడుము నుంచి రెండు మడమల దాకా కట్టే. కాళ్ళు కప్ప కాళ్ళలా ఎడంగా మడిచి ఉంటాయి. నువ్వు ఇప్పుడు చూడకపోవడమే మంచిది.

లోపలికి తీసుకుపోయేటప్పుడు అది నా చెవి వదల్లేదు. నర్సు ఒక్కో వేలూ విడిపించింది. తలుపు వేశాక నేను వరండాలో ధైర్యంగానే కూర్చున్నాను. మీ బావ కాఫీ తెచ్చిస్తే తాగాను కూడా. తాగలేదట. చల్లారిపోయిన గ్లాసు పట్టుకొని అట్లాగే కూర్చున్నానని ఆయన తర్వాత చెప్పాడు.

ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం. కట్టు లోపల దురద పుడితే వేలు దూరదు, ఏడుస్తుంది. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. కాలివేళ్ళు నల్లబడితే కట్టు బిగుసుకున్నట్టట, పరుగెత్తుకొని రమ్మన్నారు. అందుకని పనిలో పనిగా వచ్చి వేళ్ళు నొక్కి చూస్తుంటాను. నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్ళీ ఎర్రబడాలి. ఎర్రబడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఇన్ని చేసినా ఎముక మళ్ళీ జారితే కోసి కూర్చోబెట్టాల్సి వస్తుందట. అది మనకు రాకూడదని దండం పెట్టుకో.

నీళ్ళు పోసిన సంగతి మళ్ళీ అడుగుదామంటే పెద్ద డాక్టరు చేతికి దొరకడం లేదు. అడుగుతాను. అంతదాకా నువ్వు ఆమె చేతుల వైపు చూడకు.

శకుంతల

*

గుండ్లపల్లె,
3-9-1981.

అక్కా,

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. చదవగానే బావను ఆయనకు తోడు పంపు. మా అత్త కనిపించడం లేదు.

నిన్న పొద్దున ఆవుల దగ్గర ఉందనుకున్నాం. పాలు పిండలేదు, దూడలు అరుస్తున్నాయి. ఊళ్ళో మగవాళ్ళు బావుల్లో చూడటానికి పోయారు. నేను గడపలోనే కూర్చుండిపోయాను. వాళ్ళు తిరిగొచ్చి లేదని తల ఊపేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత ట్రంకు పెట్టె తీసి చూస్తే ఆమె చీర ఒకటీ, ఆ కాళ్ళు కట్టే గుడ్డా లేవు. పలమనేరు బస్టాండులో ఆమెను చిత్తూరు బస్సు ఎక్కగా చూశామని ఇందాకే చెప్పారు. బిడ్డ నడిస్తే కొండకు మోకాళ్ళతో వస్తానని మొక్కుకున్నట్టు దొరస్వామి పెళ్ళాంతో అన్నదట. బిడ్డ నడవకముందే పోయింది. ఆ వయసులో, మోకాళ్ళతో.

నేనే తరిమేశాను. మొన్న అలివేలుకు ఈ కట్టు విప్పి ఇంకోటి వేస్తారని ఆయనతో చెబుతూ, కాళ్ళు కట్టి కట్టి ఇప్పుడు విప్పడానికి ఎన్ని అగచాట్లో అనేశాను. ఆమె గుమ్మం అవతల చేటతో బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. లేచిపోయి కాళ్ళు పట్టుకొని ఉండాల్సింది. నేను లేవలేదు.

ఆమెకేమైనా అయితే ఆయన మొహం నేను ఎట్లా చూడాలి? నా బిడ్డ నడిచినా ఆ నడక నేను చూడలేను. వెతకండి.

పంకజ

*

తిరుపతి,
6-9-1981.

పంకజా,

దొరికింది. ముందు ఈ మాట చదువుకొని, నీళ్ళు తాగి, మిగతాది చదువు.

మీ బావా గోవిందూ అలిపిరి నుంచి మెట్లదారిన పోయారు. మోకాళ్ళ పర్వతం దగ్గర కనిపించిందట. మొక్కున్నవాళ్ళు ఆ కాసిని మెట్లే కదా మోకాళ్ళతో ఎక్కేది. ఈమె కింది నుంచే, ఓపిక ఉన్న చోటల్లా మోకాళ్ళ మీద వచ్చింది. దారిలో మంటపాల్లో పడుకుందట. చీర మోకాళ్ళ దగ్గర చినిగి, రక్తంతో అతుక్కుపోయి ఉంది. గోవిందు ఏడుస్తూ ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మిగిలింది ఎక్కనీ నాయనా, ఇవి బిడ్డ మెట్లు" అందట. ఇద్దరూ చెరో పక్క నడిచారు. ఆ గుడ్డ ఆమె నడుముకు చుట్టుకొని ఉంది. దాన్ని మోకాళ్ళకు కట్టుకొమ్మంటే ఒప్పుకోలేదు. అది పసిబిడ్డల గుడ్డ అంది.

ఇంటికి తెచ్చాక అలివేలు ఆమెను చూసి అవ్వా అని చేతులు చాపింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని గోడ దగ్గరే నిలబడింది గానీ దగ్గరికి రాలేదు. మరుసటి రోజు కట్టు మార్చే రోజు. ఈమె మోకాళ్ళకూ మందు వేయించాలని ఇద్దరినీ తీసుకుపోయాను. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి పోయి డాక్టరును గట్టిగా అడిగాను. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆ గుంట లోతు లేకుండా తయారైందట. ఆడపిల్లల్లోనే ఎక్కువట. నీళ్ళు పోసినందువల్ల వచ్చింది కాదట. బయటికొచ్చి ఆ మాట మీ అత్తకు చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. తల ఊపింది.

తర్వాత మోకాళ్ళకు మందు వేయించుకోవడానికి తనే లోపలికి పోయింది. చాలాసేపటికి వచ్చింది. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బరువు దిగినందుకేమో అనుకున్నాను.

గోవిందు ఆమెను తీసుకొస్తున్నాడు. ఏమీ అనకు, ఏమీ అడగకు. వేడిగా అన్నం పెట్టు.

శకుంతల

*

గుండ్లపల్లె,
14-11-1981.

అక్కకు నమస్కారాలు.

మా అత్త మోకాళ్ళు మానాయి. కూర్చొని లేస్తే టపటపమంటాయి గానీ మునుపటిలాగే పని చేస్తోంది. పసిబిడ్డల జోలికి మాత్రం పోవడం లేదు. ఆమె వచ్చిన రోజు నేను కాళ్ళ మీద పడబోతే కడుపుతో వంగకూడదని భుజం పట్టి ఆపింది. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నాకు నెలలు నిండుతున్నాయి. బిడ్డ కడుపులో కాలితో తన్నినప్పుడు ఏ కాలో అని భయపడుతున్నాను. లోపలున్న బిడ్డకు గుంట లోతుందో లేదో ఎవరు చెప్తారు? పుట్టేది ఆడపిల్ల అయితే? దీనికి నీళ్ళు ఎవరు పోస్తారని మా అత్తను మెల్లగా అడిగాను. "పై వీధి పోలేరమ్మను పిలుసుకోండి" అని ఆవుల దగ్గరికి పోయింది. నిజం చెప్పనా, ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. తర్వాత సిగ్గుతో ఆ పూట అన్నం తినలేకపోయాను.

ఇంకోటి. డాక్టరు చెప్పింది అంతేనా? నువ్వు రాసిన మాట మరీ నున్నగా ఉంది. చిన్నప్పుడు మన కుక్క చచ్చిపోతే పాకాలలో చుట్టాలింటికి పోయిందని చెప్పినదానివి నువ్వు. నీళ్ళు పోసినందువల్ల కాదని రాశావు. కట్టినందువల్ల కూడా కాదని రాయలేదు. నాకు మొత్తం కావాలి.

పంకజ

*

తిరుపతి,
10-12-1981.

పంకజా,

అలివేలు కట్టు తీసేశారు.

కట్టు కోస్తుంటే అది ఏడ్చిన ఏడుపు బజారు దాకా వినిపించి ఉంటుంది. లోపల కాళ్ళు చూశాను. పుల్లల్లా సన్నబడి, పొట్టు రేగి ఉన్నాయి. నిలబెడితే నిలబడలేదు, కూలిపోయింది. అంతా వృథా అయిపోయిందనుకున్నాను. నా చేతుల్లో పెట్టిన నీ బిడ్డను ఉన్న నడక కూడా లేకుండా నీకు పంపుతున్నాననుకొని గోడకు ఆనుకున్నాను. ఎక్స్‌రే వచ్చేదాకా అట్లాగే ఉన్నాను. ఎముక గుంటలోనే ఉంది. కాళ్ళు బిగుసుకుపోయాయి కాబట్టి నిలబడటం లేదట, నెమ్మదిగా అదే నడుస్తుందట. అంతదాకా కాళ్ళు దగ్గరికి రాకూడదు. మన ఆడవాళ్ళు పిల్లల్ని చంకలో వేసుకొని, నడుముకు అటు కాలు ఇటు కాలు వేసి తిప్పుతారే, అట్లా వీలైనంతసేపు తిప్పమన్నాడు. అంతకంటే మంచి మందు తన దగ్గర లేదన్నాడు. నువ్వు ఇప్పుడు ఎత్తుకోలేవు. గోవిందుతో చెప్పి పంపుతున్నాను.

ఇక నువ్వు అడిగింది. నీ దగ్గర దాచలేను. అలివేలుకు గుంట లోతు లేకపోవడం పుట్టుకతో వచ్చిందే. కానీ అట్లాంటి బిడ్డకు కాళ్ళు జోడించి సాపుగా కడితే సగం జారిన ఎముక పూర్తిగా జారుతుందట. కట్టకుండా వదిలేస్తే కొంతమంది బిడ్డలకు దానంతటదే సర్దుకుంటుందట. మన బిడ్డకు సర్దుకొని ఉండేదా అని అడిగాను. చెప్పలేను అన్నాడు. చీరకు రక్తం అంటుకొని బెంచీ మీద కూర్చున్న ఆ ముసలామెతో ఈ సగం నేను చెప్పలేకపోయాను.

పుట్టే బిడ్డకు మాత్రం ఎవరు నీళ్ళు పోసినా కాళ్ళు కట్టనివ్వకు. ఆమె మనసు విరగకుండా ఆ మాట ఎట్లా చెబుతావో నువ్వే ఆలోచించుకో. నాకు ధైర్యం లేదు. ఇది చదివి పొయ్యిలో వెయ్యి.

అలివేలు పోయాక ఇల్లు బోసిగా ఉంటుంది. నా చెవి కూడా.

శకుంతల

*

గుండ్లపల్లె,
24-1-1982.

అక్కకు పంకజ నమస్కారాలు.

సంక్రాంతికి ముందే ప్రసవం అయింది. ఆడపిల్ల. మంత్రసాని బిడ్డను చేతికిస్తే మొహం కూడా చూడకుండా కాళ్ళు చాపి మడమలు కలిపి చూశాను. సమానంగా ఉన్నట్టే ఉన్నాయి. అయినా నాకు నమ్మకం లేదు.

ముందు అలివేలు సంగతి చెప్పాలి. ఆయన బిడ్డను తీసుకొచ్చి, చంకలో వేసుకొని తిప్పాలట అని డాక్టరు మాట చెప్పగానే మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆరు నెలలుగా బిడ్డల్ని ముట్టని మనిషి. ఆయన చేతుల్లోంచి దాన్ని తీసుకొని నడుము మీద ఎక్కించుకుంది. అది ఆమె చెవి పట్టుకుంది. పాలు పిండేటప్పుడు తప్ప మళ్ళీ దించలేదు. ఆ మోకాళ్ళతో ఎట్లా మోస్తోందో ఆమెకే తెలియాలి.

చిన్నదానికి నీళ్ళు పోసే రోజు పోలేరమ్మను పిలిపించారు. ఆమె బిడ్డ కోసం చేతులు చాపింది. నాకు ఆ చేతులన్నా భయమే వేసింది. అప్పుడు తెలిసింది, ఎవరి చేతులైనా నాకు భయమే. అట్లాంటప్పుడు ఆ చేతులు మా అత్తవే కానీ అనుకున్నాను. "అత్తా, నువ్వే పోయి" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆమె వింది. అలివేలును ఆయనకు అందించి, బండ మీద కూర్చొని కాళ్ళు చాపింది. మోకాళ్ళ మీద మచ్చలు నున్నగా మెరుస్తున్నాయి.

నీళ్ళు పోసింది, రుద్దింది. కాళ్ళు లాగలేదు, తలకిందులుగా ఎత్తలేదు. తుడిచాక నడుముకు దోపుకున్న ఆ గుడ్డ తీసింది. నేను నీ ఉత్తరం కాల్చాను గానీ ఆ మాట ఎట్లా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. చలికాలం, కట్టొద్దులే అత్తా అందామని నోరు తెరిచాను. ఆమె గుడ్డను మడత మీద మడత పెట్టి మందంగా చేసి, బిడ్డ రెండు తొడల మధ్య పెట్టింది. కాళ్ళు ఎడంగా పడ్డాయి, నువ్వు రాసిన కప్ప కాళ్ళలాగా. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"నేనే అడిగినా ఆ డాక్టరును. నీళ్ళు సరే సామీ, కట్టినందుకేమన్నా అయిందా అని. ఆయన సెప్పినాడు. మీయక్క సెప్పలేదని ఆయమ్మను ఏమనొద్దు. నేను యాడ ఇరిగిపోతానో అని దాసిపెట్టింది."

నాకు ఏడుపు ఆగలేదు. బాలింతవు ఏడవకూడదని కసిరింది.

ఇప్పుడు పొద్దున పనులయ్యాక అలివేలును చంకలో వేసుకొని ఇల్లిల్లూ తిరుగుతోంది. తను నీళ్ళు పోసిన ఇళ్ళు, పోయని ఇళ్ళు, అన్నీ. ఊయల్లో పసిబిడ్డ ఉంటే కాళ్ళ కట్టు విప్పుతుంది. ఇన్నేళ్ళు నువ్వే కదా కట్టమన్నావని కొందరు తగువుకొస్తున్నారు. చంకలో బిడ్డను చూపించి, "ఇవి నేను కట్టిన కాళ్ళే సూడు" అంటుంది. నేనైతే ఆ మాట ఒక్క గడపలో కూడా అనలేను.

నిన్న దొరస్వామి ఇంట్లో బిడ్డ కాళ్ళు విప్పడానికని దాన్ని గడప దగ్గర దించిందట. చూసిన దొరస్వామి పెళ్ళాం వచ్చి చెప్పింది. అలివేలు కొంచెంసేపు గడప పట్టుకొని నిలబడి, తర్వాత గడప వదిలేసి, వాళ్ళవ్వ దగ్గరికి నడిచింది. ఎడమ పక్కకు వాలలేదట అక్కా.

పంకజ